రేడియో సెల్లు పొదుపు – మన ఊళ్ళలో దాని కథ



ఈవేళ విత్తనం మాట లేదు, ఎరువు మాట లేదు. చేత పట్టుకొని తిరిగే పాటల పెట్టె, అందులోని బ్యాటరీ – ఇదే నేటి సంగతి. వ్యవసాయం వాడికి ఈ గొడవెందుకని మీరనుకోవచ్చు. మొదట నేనూ అట్లాగే అనుకున్నాను.

మొన్న జనగామకు దగ్గరలో ఒక రైతువేదికలో పత్తి మీద వచ్చే గులాబీరంగు పురుగు గురించి చెబుతున్నాను. వెనక కూర్చున్న ఒక గొర్లకాపరి తాత లేచి నిలబడ్డాడు. భుజాన గొంగడి, చేతిలో అరచేతంత పాటల డబ్బా. "సారూ, పురుగు ముచ్చట మల్ల చెప్తువు గని, గీ డబ్బ పొద్దూకేదాక పాడుతలేదు. ఏం జేస్తే నిలుస్తది?" అన్నాడు. సభంతా గొల్లుమన్నది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అదే ప్రశ్నను మా తాత అరవై ఏళ్ళ కిందట మా ఊరి గ్రామసేవకుణ్ణి అడిగాడని ఇంట్లో చెప్పుకోగా విన్నాను. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైన తరువాత ఊరూరా తిరిగిన ఆ గ్రామసేవకులే నేడు మేము చేసే పనికి మూలపురుషులు. ఆయన మా తాతతో, "గొంతు తగ్గించు, ఆయుస్సు పెరుగుతది" అన్నాడట. అది తాత గొంతు గురించో రేడియో గొంతు గురించో తెలియక ఇంట్లోవాళ్ళు చాలాకాలం నవ్వుకున్నారు.

ఆ మాట నిజమే. అయితే అది ఆ కాలపు పెట్టెకు నిజం. అంతకు ముందరి పెట్టెకు నిజం కాదు, తరువాత వచ్చిన పెట్టెకు అది ఒక్కటే చాలదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

హైదరాబాదు సంస్థానంలో డెక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న మొదలైంది. దాని శక్తి 200 వాట్లు. నేటి ఇంట్లో రెండు మూడు ఫ్యాన్లు తిరిగేటంత! 1948 సెప్టెంబరు 17న నిజాం నవాబు లొంగుబాటు మాట చెప్పినది ఆ రేడియోలోనే. అప్పటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆ చుట్టుపక్కల ఊళ్ళు సాయుధ పోరాటంలో మునిగి ఉన్నవి. ఆ మాట స్వయంగా చెవులారా విన్నవారు కొద్దిమంది, విన్నవారి నోట విన్నవారే ఎక్కువమంది. 1950 ఏప్రిల్ 1న డెక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది.

కరెంటు లేని ఊరికి ఆ రోజుల్లో రేడియో రావాలంటే బ్యాటరీ సెట్టు కావాలి. అది చేత పట్టుకొనేది కాదు. ఇద్దరు మోసుకొచ్చి గూట్లో పెట్టేది. లోపల గాజుబుడ్ల వంటి వాల్వులు నాలుగైదు. ఒక్కొక్క వాల్వులో సన్నని తీగె ఎర్రగా కాగితేనే పని మొదలవుతుంది. ఆ తీగెను కాచడానికి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఒకటి – దాన్ని ‘ఏ’ బ్యాటరీ అనేవారు. వాల్వు నడవడానికి 90 వోల్టుల ‘బీ’ బ్యాటరీ మరొకటి. ఈ రెండూ కలిపి ఇటుకలాంటి ఒకే కట్టగా కూడా అమ్మేవారు. నాలుగు వాల్వుల తీగెలకే పావు ఆంపియరు దాకా పోయేది. అంటే సుమారు ఒక బ్యాటరీ లైటు బల్బు ఎడతెగకుండా వెలిగినంత ఖర్చు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వాల్వు సెట్టు మెల్లగా పాడినా గట్టిగా పాడినా ఆ తీగె కాగవలసిందే. గొంతు తగ్గిస్తే మిగిలేది ఏమీ లేదన్నంత తక్కువ. ఆపేస్తేనే పొదుపు. అందుకే ఆనాటి పెద్దలు వార్తల వేళకు తిప్పి, వార్తలు కాగానే కట్టేసేవారు. కట్టేసినంతసేపే డబ్బు మిగిలేది. ‘రేడియో పాడుతుంటే ఆయిల్ ఇంజను నడిచినట్టే’ అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. చాలా సరైన పోలిక. ఇంజను కింద పొలం తడిసినా తడవకపోయినా నూనె మాత్రం కాలుతూనే ఉంటుంది గదా.

1950ల్లో దేశమంతటా ఊరుమ్మడి రేడియోలు వచ్చినవి. పంచాయతీ దగ్గర సెట్టు, ఎత్తుగా కట్టిన ఏరియల్ తీగె, దాని కింద ఊరి జనం. పుణె చుట్టుపక్కల జిల్లాల్లో 1956లో యునెస్కో సాయంతో రేడియో రైతు సంఘాలు పెట్టి చూశారు. సుమారు నూటయాభై ఊళ్ళలో జనం వారానికి రెండుసార్లు అరగంటసేపు వినేవారు, విన్నదాని మీద చర్చించేవారు. ‘వినండి, చర్చించండి, ఆచరించండి’ అన్న ఆ పద్ధతికి మూలం 1940ల నాటి కెనడా రైతుల రేడియో సంఘాలు. 1959 నవంబరులో ఆ పద్ధతిని దేశమంతటికీ తెచ్చారు. మంచి ఆలోచనే. కాని సెట్టు నోరు విప్పకపోతే చర్చ ఎక్కడిది? కొన్నిచోట్ల ఊరుమ్మడి సెట్లు మోటారు బ్యాటరీ వంటి నీళ్ళ బ్యాటరీ మీద నడిచేవి. దాన్ని బండిలో వేసుకొని పట్నం పోయి ఛార్జి చేయించాలి. ఊరందరిదీ అయిన బ్యాటరీని మోసేది ఎవరన్న ప్రశ్న రాగానే, చాలా ఊళ్ళలో ఆ సెట్టు మౌనవ్రతం పట్టేది. ఉమ్మడి బావి పూడిక తీసే సంగతి మీకు తెలిసిందే గదా!

ఇక ట్రాన్సిస్టరు మాట. దాన్ని 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ కనిపెట్టారు; వారితోపాటు షాక్లీకి కూడా 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. 1954లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొదటి జేబు రేడియోలో ట్రాన్సిస్టర్లు నాలుగే. మన ఊళ్ళకు అవి 1960ల్లో, 70ల్లో చేరినవి. పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, ఏటా దాన్ని మార్పించుకోవాలి. 1980ల్లో ఆ బాధ తప్పింది. అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టాలన్న మాట పుట్టింది ఆ కాలంలోనే. ఈ మాట మంచిది కాదనుకోండి, అయినా పుట్టింది.

ట్రాన్సిస్టరులో కాగే తీగె లేదు. నాలుగు పెద్ద సెల్లులు, ఆరు వోల్టులు. మెల్లగా వింటే 15 నుండి 20 మిల్లీ ఆంపియర్లతో నడుస్తుంది. వాల్వుల తీగెలు తాగినదానిలో పన్నెండో వంతు. కాని గొంతు పెంచినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. చివరన స్పీకరును నడిపే రెండు ట్రాన్సిస్టర్లు గాలిపంపు పిడిని చెరోవైపు పట్టి లాగే ఇద్దరు మనుషుల వంటివి. శబ్దం లేనప్పుడు వారు దాదాపు ఊరకే నిలబడి ఉంటారు. శబ్దం పెద్దదైనకొద్దీ బలంగా లాగుతారు. పూర్తిగా తిప్పి వదిలితే ఖర్చు నాలుగింతలూ కావచ్చు, అంతకు మించనూవచ్చు. రోజుకు రెండు గంటల చొప్పున మెల్లగా వింటే మూడు నాలుగు నెలలు వచ్చే సెల్లులు, ఊరంతా వినిపించేటట్టు పెడితే నెలకు అటో ఇటో అయిపోతాయి.

చూశారా తమాషా! వాల్వు సెట్టు మనుషులకు ‘ఆపితేనే పొదుపు, తగ్గిస్తే లాభం లేదు’ అని నేర్పింది. ట్రాన్సిస్టరు వచ్చాక ఆ పాఠం తిరగబడింది. కాని అలవాటు మారలేదు. పాడినంతసేపు గట్టిగా పాడించడం, చప్పుడు తగ్గితే సెల్లు తీసి ఎండలో పెట్టడం – ఇదే సాగింది. గ్రామసేవకుడి మాట మా తాతకు వింతగా తోచింది అందుకే.

ఎండలో పెట్టడమంటే గుర్తొచ్చింది. మన ఊళ్ళలో సెల్లుకు చేసిన వైద్యాలు ఇన్నీ అన్నీ కావు. బండ మీద ఎండబెట్టడం, పొయ్యి పక్కన వెచ్చబెట్టడం, పళ్ళతో కొరికి నొక్కడం, మేకుతో పొడిచి ఉప్పునీళ్ళు పోయడం. వీటిని మూఢనమ్మకమని కొట్టివేయలేము. ప్రతిదానిలో సగం నిజం ఉన్నది. ఆ సగమేమిటో తెలియాలంటే సెల్లు లోపల ఏమున్నదో చూడాలి.

పైన కనిపించే డబ్బా జింకు. నడుమ బొగ్గుకడ్డీ. ఆ కడ్డీ చుట్టూ మాంగనీసు నల్లపొడి. మధ్యన తడిపదును – అందులో ఉండేది నవాసాగరం, కళాయి పెట్టేవాళ్ళు గిన్నెలకు వాడేదే. ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే 1866లో దీన్ని సీసాలో నీళ్ళతో చేశాడు. ఇరవై ఏళ్ళ తరువాత జర్మనీ దేశస్థుడు గాస్నర్ నీళ్ళు ఒలకకుండా తడి పిండిగా మార్చాడు. దాన్నే మనం పొడి సెల్లు అంటున్నాము గాని, అది నిజంగా పొడి అయిననాడు పని ఆగిపోతుంది.

సెల్లు మోటబావి వంటిది. గబగబా తోడితే నీళ్ళు అడుగంటుతాయి. బావి ఎండిపోలేదు, ఊట అందలేదు. కాసేపు ఆగితే మళ్ళీ ఊరుతుంది. సెల్లులో కూడా మందు ఉన్నా, ఒక్కసారిగా లాగితే అది కడ్డీదాకా అందదు. రాత్రంతా విశ్రాంతి ఇస్తే పొద్దున మళ్ళీ పాడుతుంది. కాబట్టి ఎండలో పెట్టిన సెల్లు మళ్ళీ పాడినప్పుడు, అందులో ఎండ పుణ్యం కొంత, విశ్రాంతి పుణ్యం ఎక్కువ. వేడికి లోపలి పదును కాసేపు చురుకుగా పనిచేస్తుంది, నిజమే. కాని అదే వేడి తడిని ఆర్చి, జింకును తినేసి, డబ్బాకు చిల్లి పెడుతుంది. కొరికి నొక్కితే లోపలి పొడి దగ్గరయి కాసేపు నడుస్తుంది. ఉప్పునీళ్ళు ఆరిన పదునును తడుపుతాయి, అదీ ఒకటి రెండు రోజులే. తరువాత ఆ నీళ్ళు కారి రేడియోలోని స్ప్రింగును తినేస్తాయి. నాలుగు రూపాయల సెల్లుకు వైద్యం చేయబోయి నాలుగు వందల సెట్టును పోగొట్టుకున్నవారు నాకు తెలుసు.

నిజంగా మెచ్చుకోవలసిన పొదుపు మన ఇళ్ళలోనే ఒకటి ఉండేది. దీన్ని ఏ ఇంజనీరూ నేర్పలేదు. వానాకాలం మొదట్లో, పాముల భయం ఉన్న రోజుల్లో, కొత్త సెల్లులు కొని ముందు బ్యాటరీ లైటులో వేసేవారు. వెలుగు ఎర్రబడగానే తీసి రేడియోలో వేసేవారు. రేడియో గొంతు బొంగురుపోయాక గోడగడియారంలో వేసేవారు. లైటు బల్బుకు కావలసింది పావు ఆంపియరుకు పైమాట, రేడియోకు అందులో పదోవంతు, గడియారానికి చెప్పలేనంత కొంచెం. బండికి పనికిరాని ఎద్దును గుంటకకు కట్టినట్టన్నమాట. ఆఖరికి నల్లపొడి పిల్లల పలకకు పూతగా పనికివచ్చేది. ఒక్క జాగ్రత్త: లైటు నుండి తెచ్చిన పాత సెల్లును కొత్త సెల్లులతో కలిపి వేయరాదు. నాలుగింటిలో ఒకటి బలహీనమైతే మిగతా మూడు దాన్ని ఎదురు తొక్కుతాయి, ముందు కారేది అదే. మార్చితే అన్నీ ఒక్కసారే మార్చాలి.

పలక మాట వచ్చింది గనుక ఇంకొకటి. సెల్లులో జింకు ఉన్నది గదా, వరికి జింకు లోపమైతే పాత సెల్లులు మడిలో పూడిస్తే సరిపోదా అని మానుకోట దగ్గర ఒక యువరైతు అడిగాడు. తెలివైన ప్రశ్నే. కాని వద్దు. పాత సెల్లుల్లో పాదరసం వంటివి కూడా ఉండేవి. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి, సెల్లును మాత్రం మడికి, బావికి దూరంగా ఉంచండి.

గొంతు తగ్గించాలంటే ముందు స్టేషను బాగా అందాలి. ఈ చిక్కు మూడు ప్రాంతాలకు ఒకటిగా ఉండేది కాదు. హైదరాబాదు జనగామకు 90 కిలోమీటర్ల లోపే, భూపాలపల్లికి 200 కిలోమీటర్లు దాటిన దూరం, నడుమ అడవి. దూరమైనకొద్దీ గురగుర ఎక్కువ. గురగుర ఎక్కువైనకొద్దీ గొంతు పెంచుతాము. పెంచినకొద్దీ సెల్లు తరుగుతుంది. ఆ మూల ఊళ్ళవాళ్ళు మెల్లగా విందామన్నా కుదరక సెల్లులకు ఎక్కువ ఖర్చుపెట్టవలసి వచ్చేది. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పాటల కోసం గురగురలో చెవి పెట్టి కూర్చున్నవారు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. మధ్యతరంగాల రేడియో లోపల నల్లని కడ్డీ ఒకటి ఉంటుంది. అది స్టేషను దిక్కుకు అడ్డంగా ఉన్నప్పుడు ఎక్కువ పట్టుకుంటుంది, ఆ దిక్కుకే పొడుగ్గా నిలిస్తే తక్కువ. కాబట్టి గొంతు పెంచే ముందు పెట్టెను మెల్లగా చుట్టూ తిప్పి చూడాలి. రేకుల కప్పు కింద కాకుండా చెట్టు కింద పెట్టాలి. ఎఫ్.ఎం. అయితే పుల్లను పూర్తిగా లాగాలి. ఫోనులో అయితే చెవి తీగెయే ఏరియల్.

ఇప్పుడు గొర్లకాపరి తాత డబ్బా దగ్గరికి వద్దాము. దాన్ని చేతిలోకి తీసుకొని అడిగాను. "దీన్ని ఎట్ల వాడుతవు తాతా?" ఆయన చెప్పాడు: పొద్దున మందతో బయలుదేరినప్పటి నుండి పాడుతూనే ఉంటుంది, పూర్తిగా చచ్చిపోయేదాకా వాడతాడు, అప్పుడే ఛార్జింగు పెడతాడు, "నడుమల పెడితే ఖరాబైతదంట గద", మధ్యాహ్నం గొంతు తగ్గితే బండ మీద ఎండకు పెడతాడు. "మా నాయిన గట్లనే జేసేటోడు."

చూశారా, వాళ్ళ నాయన చేసినది పొడి సెల్లుకు. కొడుకు చేతిలో ఉన్నది లిథియం బ్యాటరీ. ఒకప్పుడు వాల్వు సెట్టు అలవాటు ట్రాన్సిస్టరుకు వచ్చినట్టే, పొడి సెల్లు అలవాటు లిథియానికి వచ్చింది. అలవాటు ఎప్పుడూ ఒక తరం వెనక నడుస్తుంది. పొలంలో కూడా ఇదే చూస్తున్నాము. పాత రకానికి అలవాటైన ఎడమునే కొత్త రకానికీ పెడుతున్నాము.

లిథియానికి వేడి శత్రువు. బండ మీద పెట్టిన ప్రతి మధ్యాహ్నం దాని ఆయుస్సులో కొంత శాశ్వతంగా పోతుంది. విశ్రాంతి ఇచ్చినా తిరిగి రాదు. రోజూ పూర్తిగా అడుగంటా వాడడం దానికి మంచిది కాదు. ఐదోవంతు మిగిలి ఉండగానే ఛార్జింగు పెట్టాలి. నడుమ పెడితే చెడిపోతుందన్నది పాత రకపు బ్యాటరీల మాట. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జితో చల్లని చోట పెట్టాలి. గొంతు తగ్గించమన్న గ్రామసేవకుడి మాట దీనికీ వర్తిస్తుంది, కాని అది ఒక్కటే చాలదన్నది అందుకే. ఫోనులో పాటలు వినేవారికి మరొక ఖర్చు ఉన్నది. టవరు సరిగ్గా అందని అడవి అంచు ఊళ్ళలో ఫోను టవరు కోసం గట్టిగా కేకలు వేస్తూ ఉంటుంది, మనకు వినపడదు గాని. పాటలు ఫోనులోనే దాచుకొని, విమానం గుర్తు నొక్కి వింటే చాలా మిగులుతుంది.

ఇదంతా పాటల కోసమేనా అంటే కాదు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. ఆ ఒక్క రోజులో అదే జిల్లా చిట్యాలలో 616 మిల్లీమీటర్ల వాన పడింది. జనం మిద్దెలెక్కారు; హెలికాప్టర్లు, పడవలు వచ్చినవి; కొందరు కొట్టుకుపోయారు. ఆ తరువాతి ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో మానుకోట వంతు వచ్చింది. ఆకేరు పొంగింది, కేసముద్రం – ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అటువంటి రాత్రి మొదట పోయేది కరెంటు. తరువాత పోయేది ఫోను ఛార్జింగు. టవరుకు కరెంటు లేకపోతే ఛార్జింగు ఉన్న ఫోను కూడా పలకదు. రేడియోకు మన ఊళ్ళో టవరు అక్కరలేదు. దూరాన స్టేషను నడుస్తుంటే చాలు.

అందుకని మా క్లస్టరులో నేను ఒక పని చెబుతున్నాను. సెల్లులతో నడిచే చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉంచండి. సెల్లులు లోపల వేసి ఉంచకండి. కొన్న కవరులోనే, రేడియో పక్కన, పొయ్యికి దూరంగా ఉంచండి. వానాకాలం ముందు ఒకసారి వేసి చూసి మళ్ళీ తీసేయండి.

తీసేయమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది. మా తాత పోయాక ఆయన ట్రాన్సిస్టరును అటక మీద పెట్టినది నేనే. సెల్లులు తీయాలని తోచలేదు. నాలుగేళ్ళ తరువాత దింపి చూస్తే నాలుగింటిలో రెండు కారి గడ్డకట్టినవి. గరుకు కాగితంతో గీకాను. ఒక స్ప్రింగు చేతిలోనే పొడి అయింది. జనగామలో రిపేరు చేసే అతను పాత లైటు స్ప్రింగు ఒకటి అతికించి ఇచ్చాడు. పాడుతున్నది, గొంతు కొంచెం తగ్గింది.

మూత లోపలివైపు తాత పెన్సిలుతో రాసుకున్న తేదీలు ఉన్నవి. సెల్లులు మార్చినప్పుడల్లా ఒకటి, కింద మరొకటి. తొలి వరుసలో తేదీకి తేదీకి మధ్య నెల, నెలన్నర. తరువాతి వరుసలో మూడు నెలలు, మూడున్నర. గ్రామసేవకుడి మాట ఏ తేదీ దగ్గర చెవికెక్కిందో వేలు పెట్టి చూపవచ్చు. ఆ మూతను గొర్లకాపరి తాతకు చూపించాను. ఆయనకు చదువు రాదు. అయినా గీతల మధ్య ఎడమును వేలితో కొలిచి చూసి, "నీ తాత లెక్క మనిషి" అన్నాడు. డబ్బాను గొంగడిలో చుట్టి, ఎండ తగలకుండా చంకలో పెట్టుకొని మంద దగ్గరికి పోయాడు.